ఎర్రబస్సు పాటకు జమైకా తాళము తగునా?



"పాట తెలుగుది, పలుకు తెలుగుది, తాళమొక్కటే పరాయిది. ఆ ఒక్కటీ ఎందుకు తెచ్చుకోవలె?" హైదరాబాదుకు చెందిన చౌరస్తా అనే యువ బృందం పాడిన "ఊరెళ్లిపోతా మామా" అనే పాట మాటకు వచ్చినప్పుడు, నాతో పాటు భాషాప్రవీణ చదివిన వారిలో తరచుగా వినిపించే ఆక్షేపణ ఇది. కుర్రకారు వాదన మరొక తీరు. "పాట బాగున్నది, అది చాలదా? పూర్వాపరాలు దేనికి?" అంటారు. ఈ రెండు వాదాలూ నాకు సమ్మతం కావు. ఆ తాళం ఆ పాటకు అలంకారంగా వచ్చినది కాదనీ, ఆ పాటలోని బాధకు అది సహోదరమనీ నా అభిప్రాయం. ఎందుకో చెప్పుటకే ఈ టపా.

ముందుగా పాటను గూర్చి. చౌరస్తా వారు గిటారు, బేసు గిటారు, డ్రమ్ములు పట్టి పాడే బృందం. లోకం వాడుకలో రాక్ బ్యాండు. జానపదాన్నీ రెగెనూ కలిపి పాడేవారని పేరు పొందినారు. యశ్వంత్ నాగ్ రచనలు, రామ్ మిరియాల కంఠం ఆ బృందానికి తొలినాళ్లలో గుర్తింపు తెచ్చినవి. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపవద్దని హితవు చెబుతూ వారు చేసిన పాటను తెలుగువారు విరివిగా విన్నారు. "ఊరెళ్లిపోతా మామా" అంతకు ముందటిది. చౌరస్తా అన్న మాటయే నాలుగు దారుల కూడలి. మా పొన్నూరు వైపు దానిని "సెంటరు" అంటాము. నాలుగు దిక్కుల నుండి వచ్చినవారు ఒకచోట నిలిచి, ఎటు పోవలెనో తేల్చుకునే తావు అది. ఈ పాటకు అంతకంటె తగిన పేరుగల బృందం దొరకదు.

పాటలోని విషయం చిన్నది. పట్నం వచ్చినవాడొకడు ఎర్రబస్సెక్కి ఊరికి తిరిగి వెళ్లిపోతానంటాడు. ఏ ఊరు వెళ్తావు, అక్కడ ఏమున్నదని వెళ్తావు అని ఎదురు ప్రశ్న వస్తుంది. కోరిక ఒకటి, దానికి అడ్డుప్రశ్న ఒకటి. మన జానపదంలో సంవాద గేయాలు కొల్లలు. బావామరదళ్ల పాటలలోనూ, బుర్రకథలో కథకుడికీ పక్కవాయిద్యగాళ్లకూ నడుమనూ ఈ ఎదురుమాట నడుస్తూనే ఉంటుంది. "మామా" అన్న పిలుపు ఆ సంప్రదాయానిదే. ఇక "ఎర్రబస్సు". పట్నంలో తికమకపడే పల్లెటూరివాడిని "ఎర్రబస్సెక్కి వచ్చినాడు" అని ఎగతాళి చేయుట మనకు అలవాటు. ఆ ఎగతాళి మాటనే ఈ పాట తలెత్తుకొని చెబుతున్నది. వచ్చింది ఆ బస్సులోనే, పోయేదీ ఆ బస్సులోనే, అందులో సిగ్గేమున్నదని. నిందనే భూషణంగా ధరించుట మంచి కవి చేసే పని.

సరే, పలుకు సంగతి తేలినది. ఇక తాళం.

రెగె పుట్టినది కరీబియను సముద్రంలోని జమైకా ద్వీపంలో. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి అక్కడి ప్రజలలో అధిక సంఖ్యాకులు. వారి పల్లెపాటకు మెంటో అని పేరు. ఆ దేశానికి 1962 ఆగస్టు 6న స్వాతంత్ర్యం వచ్చినది. ఆ రోజులలో కింగ్‌స్టన్ నగరంలో స్కా అనే వేగమైన బాణీ ప్రబలినది. 1966 ప్రాంతంలో అది నెమ్మదించి రాక్‌స్టెడీ అయినది. మరి రెండేళ్లకు ఇంకొంత మారి రెగె అయినది. 1968లో టూట్స్ అండ్ ది మేటల్స్ బృందం ఆ పేరును పాటలోకి ఎక్కించినది. 2018లో యునెస్కో వారు జమైకా రెగెను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినారు.

ఈ కాలక్రమం కంటె ముఖ్యమైనది, ఆ పాట ఎవరు పాడినారన్నది. పొలం వదిలి పనికోసం కింగ్‌స్టన్ చేరి, రేకుల ఇండ్లలో కాపురం పెట్టినవారు పాడినారు. బాబ్ మార్లీ 1945లో సెయింట్ ఆన్ అనే పరగణాలోని నైన్ మైల్ అనే పల్లెలో జన్మించినాడు. బాల్యంలోనే తల్లితో కింగ్‌స్టన్ చేరి, ట్రెంచ్ టౌన్ అనే పేదల పేటలో పెరిగినాడు. ఆ బాణీని లోకమంతా మోసుకుపోయినది ఊరు వదిలి వచ్చిన పిల్లవాడు. 1981లో 36 ఏండ్ల వయసులో మరణించినప్పుడు అతనిని తిరిగి ఆ నైన్ మైల్‌కే తీసుకుపోయి సమాధి చేసినారు. ఊరెళ్లిపోవుట అతని విషయంలో అట్లు జరిగినది.

తిరిగి వెళ్లుట అనే తలపు రెగెకు పైపై విషయం కాదు, అది దాని ప్రాణం. అదే సెయింట్ ఆన్ పరగణాలో 1887లో జన్మించిన మార్కస్ గార్వీ, నల్లజాతివారు ఆఫ్రికా వైపు చూడవలెనని బోధించి, 1919లో బ్లాక్ స్టార్ లైన్ అనే నౌకా సంస్థను స్థాపించినాడు. 1930లో ఇథియోపియా చక్రవర్తిగా హైలీ సెలాసీ పట్టాభిషిక్తుడైన తరువాత జమైకాలో రస్తఫారీ మతం తలెత్తినది. తాము ఉన్న చోటు బాబిలోను చెర, చేరవలసినది సీయోను అన్న భావం ఆ మతానికి మూలం. ది మెలోడియన్స్ అనే జమైకా బృందం 1970లో బైబిలులోని 137వ కీర్తనను ఆధారం చేసుకొని ఒక పాట కట్టినది. చెరపట్టబడిన జనం పరదేశపు నదీతీరాన కూర్చుండి, తమ ఊరిని తలచుకొని ఏడ్చుట ఆ కీర్తన విషయం. మా గుంటూరు సీమ చర్చిలకు పోయే ముసలమ్మలకు ఆ కీర్తన తెలుసు. 1978లో బోనీ ఎమ్ అనే బృందం దానినే నృత్యగీతంగా మార్చి పాడగా లోకమంతా ఎగిరి గంతులు వేసినది. ఏడుపు పాటకు గంతులు వేయుట తప్పని నేననను. కాని ఏడుపని తెలిసి వేసినవారు ఎందరు?

కనుక, "ఊరికి పోతాను" అనే తెలుగువాడి కోరికకు ఈ బాణీ తొడుగుట యాదృచ్ఛికంగా చేసినా, తెలిసి చేసినా, తగిన పనియే. మన ఆలంకారికులలో క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. మొలనూలును మెడకు చుట్టుకొని, హారాన్ని నడుముకు కట్టుకుంటే నగలు మేలిమి బంగారమైనా నవ్వులపాలే గదా అని ఆయన వాదం. నగ ఎవరి ఊరి కంసాలి చేసినాడన్నది ఆయన అడుగలేదు. ఎక్కడ పెట్టుకున్నావన్నదే అడిగినాడు. మనమూ ఆ ప్రశ్ననే అడుగవలె.

తాళం నడకను కూడ కొంచెం విచారిద్దాము. నాలుగు దెబ్బల ఆవృత్తం అనుకోండి. మనకు అలవాటైన భజనలో మొదటి దెబ్బ బలంగా పడుతుంది. రెగెలో గిటారు రెండవ, నాలుగవ దెబ్బల మీద తెగగొట్టినట్లు మోగుతుంది. "వన్ డ్రాప్" అని పిలువబడే నడకలో పెద్ద డ్రమ్ము మూడవ దెబ్బ మీదనే పడి, మొదటిది ఖాళీగా ఉంటుంది. మార్లీ బృందంలో డ్రమ్ములు వాయించిన కార్ల్‌టన్ బారెట్ ఈ నడకకు ప్రసిద్ధుడు. వినేవాడి అడుగు మొదటి దెబ్బ కోసం ఎదురుచూసి, అది పడక, తూలి, తరువాతి దెబ్బను పట్టుకుంటుంది. ఆ తూలుటలోనే ఆ సంగీతపు సొగసంతా ఉన్నది.

ఇది మనకు తెలియని విద్యా? సంగీత రత్నాకరంలో శార్‌ఙ్గదేవుడు సమ, అతీత, అనాగత గ్రహాలను చెప్పినాడు. తాళం మొదలైన తరువాత పాట ఎత్తుకుంటే అది అనాగతం. త్యాగరాజస్వామి కృతులలో అర దెబ్బ వదిలియో, ఒకటిన్నర వదిలియో ఎత్తుకునేవి అనేకం. తెలుగు మాటలకు ఖాళీ మీద ఎత్తుగడ కుదరదని ఎవరైనా అంటే, కాకర్ల వారి ఇంటి సంగతి తెలియక అన్నమాటే. పడవ లాగేవారూ, బండరాయి దొర్లించేవారూ పాడే హైలెస్సా పాట వినండి. ముందువాడు పలికిన తరువాత ఊపిరి తీసుకునేంత ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోనే గుంపు బలం పడుతుంది. పని చేసే శరీరానికి ఆ ఖాళీ అవసరం. జమైకాలోనైనా బాపట్ల తీరంలోనైనా శరీరం ఒక్కటే.

పరాయిది అనే మాటకు మరొక సమాధానమూ ఉన్నది. వాయులీనం లేని కచేరీని నేడు ఊహించలేము. దానిని ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొరల విద్వాంసుని వద్ద నేర్చి మన సంగీతానికి తెచ్చినాడు. దీక్షితులవారే పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నోటుస్వరాలు రచించినారు. ఐరోపాలో పుట్టిన హార్మోనియం లేనిదే మా తెనాలి ప్రాంతపు పద్యనాటకానికి తెర లేవదు. మేము చిన్ననాడు రాత్రి తెల్లవార్లూ విన్న రాగాలు ఆ పరాయి పెట్టెలోనివే. అది పరాయిదని ఏ పండితుడూ లేచి పోలేదు.

పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్‌ను తలచుకోండి. జంగాలు పాడే పాత కథను తీసుకొని, ప్రజానాట్యమండలి వేదికల మీద దానిని నిప్పుకణికగా మార్చినాడు. బెంగాలు కరువును మా జిల్లా పల్లెల వాకిళ్లలోకి తెచ్చి, చూడని మనుషుల ఆకలికి తెలుగు రైతుల చేత కంటతడి పెట్టించినాడు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. రూపం పాతది, విషయం దూరపుది. చౌరస్తా వారి పాటలో విషయం మన ఇంటిది, రూపం దూరపుది. రెండింటిలోనూ జరిగినది ఒకటే. ఒకచోటి బాధ మరొకచోటి గొంతును అరువడిగినది.

అయితే ప్రతి రెగె పాటకూ ఈ యోగ్యత ఉన్నదనను. 1978లోనే 10సీసీ అనే ఆంగ్ల రాక్ బృందం "డ్రెడ్‌లాక్ హాలిడే" అని రెగె బాణీలో ఒక పాట విడుదల చేసినది. బ్రిటనులో అది ప్రథమ స్థానం పొందినది. దాని పుట్టుక చిత్రమైనది. బృందంలోని ఎరిక్ స్టూవర్ట్‌కు బార్బడోస్ విహారయాత్రలో ఎదురైన సంఘటన ఒకటి, గ్రాహమ్ గోల్డ్‌మన్ జమైకాలో క్రికెట్టును గూర్చి విన్న మాట ఒకటి. ఈ రెండింటినీ అతికి, కథనంతా జమైకాకు అంటగట్టినారు. పాట వినసొంపుగా ఉంటుంది, హాస్యమూ ఉన్నది. కాని అది సెలవులకు వచ్చిన తెల్లవాడు నల్లవాడిని చూసి జడుసుకున్న కథ. ఎవరి బాణీయో, వారే అందులో దొంగలుగా కనబడతారు. బార్బడోసులో జరిగినది జమైకాకు తగిలించినా వినేవారికి తేడా తెలియలేదు. అంతకు నాలుగేండ్ల ముందు, 1974లో, మార్లీ రచించిన "ఐ షాట్ ది షెరిఫ్"ను ఎరిక్ క్లాప్టన్ పాడి అమెరికాలో ప్రథమ స్థానానికి చేర్చినాడు. మార్లీ పాటలలో ఏ ఒక్కటీ అతని గొంతున అక్కడ ఆ స్థానం చేరలేదు. అరువు తెచ్చుకొనుటలో మర్యాద ఉన్నది, అమర్యాద ఉన్నది. తేడా తెలియవలెనంటే పాట పూర్వాపరాలు తెలియవలె. "బాగున్నది చాలదా" అన్న కుర్రవాళ్లకు నా సమాధానం ఇదే.

మన సంబంధం ఇంతటితో తీరదు. 1845 మే 10న మన దేశపు కూలీలను ఎక్కించుకొని తొలి ఓడ జమైకాలోని ఓల్డ్ హార్బర్ బే చేరినది. 1917 వరకు 36,000 మందికి పైగా భారతీయులు చెరకు తోటలకు, అరటి తోటలకు ఒప్పందపు కూలీలుగా ఆ ద్వీపానికి పోయినారు. రస్తఫారీలు వాడే గంజా అన్న మాట వారి మూటలలో పోయినదే. హిందూ మహాసముద్రంలోని మారిషసుకు పోయిన మన తెలుగువారిని, కోరంగి రేవు పేరు మీద, కోరంగీలు అన్నారు. ఆ ద్వీపంలో బానిసల సంతతి పాడుకునే సెగా పాటను రెగెతో కలిపి సెగె అనే బాణీని ప్రచారం చేసిన కాయా అనే గాయకుడు 1999 ఫిబ్రవరిలో పోలీసు నిర్బంధంలో మరణించగా దేశమంతా అట్టుడికినది. మన కోరంగీల మనుమల మనుమలు పుట్టి పెరిగిన నేల అది. రెగె మనకు బొత్తిగా పరాయిది అనే ముందు ఆ ఓడలను ఒకసారి తలచుకొనవలె.

ఇక పాటలోని ఎదురు ప్రశ్నకు వస్తాను. నాకు అసలు విలువ అక్కడ ఉన్నది. ఏమున్నదని వెళ్తావు?

మా సీమవారికి ఊరు వదలుట కొత్త కాదు. నిజాంసాగరు కింద భూములు కొన్నవారు నిజామాబాదు జిల్లాలో గుంటూరు పల్లెలు కట్టుకున్నారు. తుంగభద్ర కాలువల కింద రాయచూరు, బళ్లారి జిల్లాలలో క్యాంపులు వేసుకున్నారు. వారు సొమ్ముతో పోయినవారు. మెట్టన పత్తీ మిరపా పండే గ్రామాలలో నేను కొన్నేండ్లు పని చేసినాను. అక్కడ చూసినది వేరొక వలస. సంక్రాంతి దాటి కాయ ఎర్రబారేసరికి కోతకూలీలు పిల్లాపాపలతో దూరం నుండి దిగేవారు. చేల గట్ల మీద పట్టాల గుడారాలు వెలిసేవి. బడి ఈడు పిల్లలు ఘాటుకు తుమ్ముతూ తాలుకాయ ఏరేవారు. అదే సమయంలో నా తరగతిలోని కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీలకు, పట్నం మేస్త్రీ పనులకు తరలేవారు. హాజరుపట్టీలో వారి పేర్ల ఎదుట గీతలు వరుసగా పడేవి. ఒక ఊరికి వచ్చే వలస, అదే ఊరి నుండి పోయే వలస! ఊరిలో ఏమున్నదని పోతావన్న ప్రశ్నకు ఆ పట్టీలోనే సమాధానం ఉన్నది.

ఆ ప్రశ్నకు మరింత కఠినమైన సమాధానమూ మా నేల మీదనే ఉన్నది. 1985 జులై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను ఊచకోత కోసినారు. ఆరుగురు మరణించినారు. మిగిలినవారు ఊరు విడిచి చీరాలకు చేరినారు. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినారు. ప్రాణాలు దక్కినవారు తెనాలి దారి పట్టినారు. చుండూరు మా పొన్నూరుకు దూరదేశం కాదు. ఊరెళ్లిపోతా అనే పల్లవి వినగానే నా వంటివాడికి చెరువుగట్టూ, గుడిగంటా, తాటిముంజెలూ గుర్తుకు వస్తాయి. చీరాలకు పరుగెత్తినవాడికి ఏమి గుర్తుకు వస్తుంది? ఊరు అనే మాటలోనే ఊరొకవైపు, వాడ ఒకవైపు ఉన్నవి. తిరిగి పోవుట కొందరికి తీపికల, కొందరికి పీడకల. ఆ సంగతి ఆ పాట నేరుగా చెప్పదు. కాని ఏమున్నదని వెళ్తావు అనే ప్రశ్నను విడిచిపెట్టకుండా పాడుట వలన ఆ రెండవవాడికి కూడ చోటు మిగిల్చినది. ఉత్త పల్లెభజనగా మిగిలిపోకుండా దానిని కాపాడినది ఆ ప్రశ్నయే.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసినప్పుడు ఈ పాట అర్థం మరొకసారి మారినది. పట్నాలలో పని పోయినవారు లక్షలుగా నడిచి ఊళ్లకు పోయినారు. ఎర్రబస్సు లేదు, రైలు లేదు. తెలంగాణలో మిరప కోతకు వచ్చిన 12 ఏండ్ల బాలిక ఒకతె, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరు జిల్లాలో ఉన్న తన ఊరికి అడవిదారిన మూడు రోజులు నడిచి, ఇల్లు మరికొంత దూరం ఉన్నదనగా ఏప్రిల్ 18న ప్రాణం విడిచినది. మిరపకాయ అమ్మిన సొమ్ముతో బ్రతికిన సీమలోని మనుషులము మనము. ఆ వార్త చదివిన తరువాత ఊరెళ్లిపోతానన్న మాటను కులాసాగా పాడలేము. పాడరాదని అనుట లేదు. పాడేటప్పుడు మొదటి దెబ్బ ఎందుకు ఖాళీగా ఉన్నదో తెలిసి పాడవలెనంటున్నాను. అక్కడ రావలసినవారు రాలేదు.

ఇంతకూ ఈ పాట మీద నాకు ఫిర్యాదే లేదా అంటే, పాట మీద లేదు, వినే తీరు మీద ఉన్నది. పెండ్లి ఊరేగింపులలో, విహారయాత్రల బస్సులలో పల్లవి మాత్రం పాడి ప్రశ్న రాకముందే అరుపులలో ముంచుట నేను గమనించినాను. బోనీ ఎమ్ వారి నృత్యగీతానికి పట్టిన గతియే ఇది. మరొకటి, ఇట్టి పాటలను "ఏదో జానపదం" అని ఒక మాటతో తేల్చివేయుట. జానపదమన్నంత మాత్రాన కర్త లేకపోడు. రాసినవాడు ఉన్నాడు, బాణీ కట్టినవాడు ఉన్నాడు, తాళం వేసినవాడు ఉన్నాడు. జనం నోట పడిన పాటకు కర్త పేరు చెరిగిపోవుట మన సాహిత్యంలో పాత జబ్బు. నాట్ల పాటలు కట్టిన అమ్మల పేర్లు ఒక్కటీ మనకు మిగలలేదు. ఈ కాలంలో, అక్షరం చెరగని ఈ సౌకర్యం చేతికి వచ్చిన తరువాత కూడ అదే జరిగితే తప్పు మనది.

పాఠశాలలో తెలుగు పాఠం చెప్పేవారికి ఒక సూచన. ఛందస్సు చెప్పేటప్పుడు యతి అంటే విరామమని వల్లె వేయించి ఊరకుంటాము. పిల్లలు ఇష్టంగా వినే ఇట్టి పాటను తరగతిలో వినిపించి, ఖాళీ ఎక్కడ పడుతున్నదో, ఎందుకు పడుతున్నదో బల్లమీద దరువు వేసి చూపించండి. ఆ తరువాత త్యాగరాజు ఎత్తుగడ చూపించండి. ఆ తరువాత నాజర్ కథ చెప్పండి. పరాయి తాళం దారిన మన ఇంటికే వస్తారు. భాష చచ్చిపోతున్నదని సభలలో వాపోవుట కంటె ఇది మేలైన పని.

బ్లాగు మిత్రులకు ఒక విన్నపం. మీ మీ ఊళ్లలో కోతల నాడు, నాట్ల నాడు, వలసబండి ఎక్కేనాడు పాడుకున్న పాటలు మీ అమ్మమ్మలకు, మేనత్తలకు గుర్తుండవచ్చు. అవి ఎవరు కట్టినారు, ఏ పనిలో పాడినారు, దెబ్బ ఎక్కడ పడేది, ఊపిరి ఎక్కడ తీసేవారు, వివరంగా అడిగి మీ పుటలలో రాయండి. కొత్తగా పాటలు కట్టే పిల్లలకు జమైకా తాళం అందుబాటులో ఉన్నది, మన దంపుళ్ల తాళం అందుబాటులో లేదు. అది వారి దోషం కాదు. ముందుతరం అందించలేదు, అంతే. రెగె వద్దని చెప్పే హక్కు, దంపుళ్ల పాటను రాసిపెట్టినవారికి మాత్రమే ఉన్నది. వారు ఎటూ వద్దనరు.

ఊరికి తిరిగి పోవుట అందరికీ సాధ్యం కాదు, అందరికీ ఇష్టమూ కాదు. పోయినవాడికి పాత ఊరు దొరకదు కూడ. అందుకనే ఆ మాటను చెప్పుటకు, ఊరిని ఓడలలో పోగొట్టుకున్నవారి తాళాన్ని మన పిల్లలు ఎరువు తెచ్చుకున్నారు. అప్పు తీర్చగలిగినంత గొప్పగానే పాడినారని నా తీర్పు. విభేదించేవారు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా రాయండి. మీ ఊరి పాటతో సహా రాస్తే మరింత సంతోషిస్తాను.

శుభం భూయాత్.